మాట అందించొద్దు

ఆమె జీవితంలో కొట్టిన ఊఁలన్నీ ఒక ఎత్తు, ఆ సోమవారం పొద్దున ఆఫీసు గదిలో కొట్టిన ఊఁ ఒక్కటీ ఒక ఎత్తు. పెద్దదేం కాదు. గడ్డం రెండంగుళాలు కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది, అంతే. ఆపాటి దానికి ఒక మనిషి నోటి దగ్గర కూడు పోతుందని ఎవరనుకుంటారు?

"శనివారం రోలరు మీది అడ్డుకడ్డీ ఊడదీసిందెవరమ్మా?" అని అడిగాడు మేస్త్రి. ముందు కాగితం పెట్టుకుని, పెన్ను మూత తీసి, చాలా మర్యాదగానే అడిగాడు. "నువ్వక్కడే ఉన్నావు కదా. చెప్పు, రాసుకుంటాను."

అడిగేదీ మేస్త్రే, జవాబూ మేస్త్రే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకి. పెదాలు కలిశాయి. కలిసినవి కలిసినట్టే ఉండిపోయాయి.

"మ్..." అంది. "మ్... మ్..."

చిన్నప్పటి నుంచీ నత్తి. అందులోనూ పెదాలు కలిస్తేగాని పలకని అక్షరాలంటే మరీ హడలు. మ, ప, బ. వాటి దగ్గరికి వచ్చేసరికి మెడ నరాలు పొంగుతాయి, కళ్ళు మూసుకుపోతాయి, లోపలున్న మాట లోపలే గుద్దుకుంటుంది. చూసేవాళ్ళకి కూడా కష్టమే, పాపం. అందుకే చూసేవాళ్ళంతా సాయం చేస్తారు. మాట అందిస్తారు. నలభై ఒక్క ఏళ్ళుగా అందిస్తూనే ఉన్నారు. వాళ్ళు అందించింది తన మాట కాకపోయినా సరే, తల ఊపేస్తే గండం గడుస్తుంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ కార్ఖానాలో అందరూ ఆమెని ఊకొట్టమ్మ అనేది అందుకే. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది. హాజరు పుస్తకం మేస్త్రి దగ్గరుంది.

"మిణుగురేగా?" అన్నాడు మేస్త్రి. "పని గబగబా తెమిలిపోతుందని మిణుగురే తీసింది. అంతేగా?"

చూశారా, అదీ మ-తోనే మొదలాయె! ఆమె మెడ, ఆమెని అడక్కుండానే, నలభై ఒక్క ఏళ్ళుగా చేస్తున్న పని చేసేసింది.

పెన్ను కదిలింది. "ఇక్కడో సంతకం పెట్టు," అన్నాడు. పెట్టింది. సంతకానికి నత్తి లేదు కదా.

శనివారం జరిగింది ఇదీ. రోలరంటే మనిషి నడుమంత లావు ఇనప దిమ్మె. లోపల ఆవిరి కాగుతూ ఉంటుంది. తడి దుప్పటి ఇటు పెడితే, అటు పెళపెళలాడుతూ ఇస్త్రీ అయి వస్తుంది. దాని ముందర, చేతి ఎత్తున, ఒక సన్నటి అడ్డుకడ్డీ. దానికి వేలు తగిలితే చాలు, దిమ్మె టక్కున ఆగిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, ముడతపడ్డ దుప్పటి తగిలినా ఆగిపోతుంది. రోజుకి ఇరవై సార్లు ఆగేది. "నాలుగింటికి ఆసుపత్రి బండొస్తుంది, ఇలా ఆగుతూ కూచుంటే తెల్లారినట్టే!" అని విసుక్కుంటూ మేస్త్రే పానా పట్టుకొచ్చాడు. రెండు బోల్టులు విప్పి, కడ్డీని బుట్టల వెనక్కి తోశాడు. పావుగంట తిరక్కముందే మిణుగురు కుడిచెయ్యి దుప్పటితో పాటు లోపలికి వెళ్ళింది.

మిణుగురు ఆమెకి తొమ్మిదేళ్ళుగా జోడీ. ఒక్కరు మడతపెడితే దుప్పటి వంకర పోతుంది, ఇద్దరుండాలి. ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు కొసలూ పట్టుకుని, విదిలించి, ఒకరి దగ్గరికి ఒకరు నడిచి, కొసలు కలుపుతారు. "ఒకటి, రెండు, కలుపు." ఇద్దరూ ఒక్క గొంతుతో అంటారు. ఆ మూడు మాటలూ ఆమెకి ఎన్నడూ అడ్డం పడలేదు. ఎందుకు పడలేదో ఎన్నడూ ఆలోచించనూ లేదు. ఇక మిగతా మాటలంటారా, రెండు వంతులూ మిణుగురే మాట్లాడేది. జేబులో చిన్న టార్చి పెట్టుకుని, యంత్రాల వెనక చీకట్లో పడిపోయిన గుడ్డల్ని ఏరుకొస్తుందని ఆ పేరు పెట్టారు. "వదినా" అని మొదలెట్టిందంటే సాయంత్రం బెల్లు కొట్టేదాకా ఆగేది కాదు. బదులు చెప్పమని ఒక్కనాడూ అడిగేది కాదు. ఆమెకి అంతకన్నా ఇంకేం కావాలి?

సంతకం పెట్టి బయటికి వచ్చి, కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే వెనక ఎవరో నిలబడ్డారు.

"అ... అ... అమ్మా."

ఆమెకి నీళ్ళకన్నా ఆ గొంతే చల్లగా తగిలింది. ఆఫీసు గదిలో ఆగిపోయిన గోడ గడియారం బాగుచెయ్యడానికి వచ్చిన ముసలాయన. మేస్త్రి వాంగ్మూలం రాస్తున్నంతసేపూ ముక్కాలిపీట మీద, గోడవైపు తిరిగి నిలబడే ఉన్నాడు. ఆయన దవడ ఒక పక్కకి లాగుకుంది. ఆ లాగుడు ఆమెకి బాగా తెలుసు. అద్దంలో చూసిందే. జాలేసి మాట అందించబోయింది. ఆయన అరచెయ్యి ఎత్తి ఆపాడు. ఎంతసేపు పట్టిందో! కుళాయి కింద బకెట్టు నిండి పొర్లింది. ఆయన మాత్రం తొందరపడలేదు.

"మీరు... చె... చెప్పబోయింది ఆ మాట కాదు," అన్నాడు చివరికి. "నేను మొ... మొహం చూడలేదు. విన్నాను. మ్... అన్నది వేరు, ఊ... ఊఁ అన్నది వేరు."

ఇన్నేళ్ళలో ఆ తేడా కనిపెట్టినవాళ్ళు లేరు. ఆయన చీటీ ఒకటి చేతిలో పెట్టాడు. పాత టెలిఫోన్ ఆఫీసు, రెండో అంతస్తు, సోమవారం, గురువారం, సాయంత్రం ఆరింటికి.

ఆ పూటంతా ఆమె ఒంటరిగానే మడతలు పెట్టింది. దుప్పటి రెండో కొసల్ని తాడుకి క్లిప్పులు పెట్టి, ఇటు తను పట్టుకుంది. విదిలించింది. అలవాటు కొద్దీ రెండడుగులు ముందుకి వేసింది. ఆవిరికి దుప్పటి మధ్యలో ఉబ్బింది, అటు కొసలు ఆమె వైపు కదిలాయి. చేతులు ఉన్న మనిషి ఎవరో పట్టుకుని ఎదురొస్తున్నట్టే కదిలాయి. ఆమె కొసలు వదిలేసి గోడకి ఆనుకుంది. రోలరు ఒక్కటే తిరుగుతోంది. అడ్డుకడ్డీ మళ్ళీ ఎవరు పెట్టారో, బోల్టులు కొత్తగా మెరుస్తున్నాయి. ఆ దిమ్మె చప్పుడు తొమ్మిదేళ్ళుగా వింటూనే ఉంది, ఆ రోజే తెలిసింది అదేమంటోందో. "మ్మ్మ్మ్..." అంటోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే అక్షరం. ఆ తరవాతి అక్షరం రాదు.

ఆ సాయంత్రమే వెళ్ళింది. పాత టెలిఫోన్ ఆఫీసు మూతపడి చాలాకాలమైంది. మెట్లమీద దుమ్ములో ఏడెనిమిది జతల కాళ్ళ గుర్తులు, పైకి వెళ్ళేవే ఎక్కువ కనిపించాయి, దిగినవి అంతగా కనిపించలేదు. రెండో అంతస్తులో పొడుగాటి గది. గోడ పొడుగునా చిల్లుల చిల్లుల చెక్కలు. ఒకప్పుడు ఆడవాళ్ళు వరసగా కూచుని, తీగలు గుచ్చి, ఊళ్ళో వాళ్ళ మాటల్ని కలిపిన బల్లలు. కొక్కేలకి చెవులకి పెట్టుకునే డిప్పలు ఇంకా వేలాడుతున్నాయి. మధ్యలో గుండ్రంగా ఎనిమిది కుర్చీలు. ఏడింట్లో మనుషులు.

"రండి," అన్నాడు గడియారాలాయన. "మీ... మీదే అది."

ఎవరూ ఆమెని పేరడగలేదు, ఊరడగలేదు. ఒక బస్సు కండక్టరు మాట్లాడుతున్నాడు. స్టాపు పేరు చెప్పేలోపు బస్సు ఆ స్టాపు దాటిపోతుందట. "అందుకే నేను ఒక స్టా... స్టాపు ముందునుంచే మొదలెడతా!" అన్నాడు. అందరూ నవ్వారు, అతనే అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదని ఆమెకి వెంటనే తెలిసింది. అయినా ఏదో వింతగా ఉంది. ఏమిటా అని చూసింది. అతను మాట దగ్గర ఇరుక్కున్నప్పుడల్లా మిగతా ఆరుగురూ కదలకుండా కూచుంటున్నారు. కళ్ళు అతని మీదే. ఒక్కరి పెదవీ కదలదు. మోకాలి మీద చూపుడువేలితో మెల్లగా తట్టుకుంటున్నారు, అంతే. టప్, టప్, టప్. ఆరుగురివీ ఒకే లయ. మాట బయటపడ్డాక వేళ్ళు ఆగుతాయి. ఎవరైనా మాట్లాడబోయే ముందు మిగతావాళ్ళు ఒక మాట అంటారు: "తొందర లేదు. ఉన్నాం."

"ఇక్కడ ఒకటే నియమం," అంది పక్కన కూచున్న నర్సు. "మాట అం... అందించం. ఎంతసేపైనా సరే."

తరవాత అందరూ కలిసి చదివారు. చదివింది ఏ పుస్తకమూ కాదు, గోడమీద మిగిలిపోయిన పాత నోటీసు. రంగు వెలిసింది గానీ అక్షరాలు తెలుస్తున్నాయి. "డిప్పలు ధరించి సిద్ధముగా కూర్చుండవలెను. మెల్లగా, స్పష్టముగా పలుకవలెను. అవతలివారి మాట పూర్తి అగువరకు లైను తెంపరాదు." ఏడుగురూ ఒక్క గొంతుతో చదివారు. విచిత్రం, ఒక్కరికీ నత్తి లేదు! ఆమె కూడా పెదాలు కదిపింది. రెండోసారి చదివారు. మూడోసారికి ఆమె లెక్కపెట్టడం మొదలెట్టింది.

గొంతులు ఎనిమిదున్నాయి.

ఏడు గొంతుల్ని ఆమె అప్పటికే గుర్తుపట్టింది. ఎనిమిదోది ఆడగొంతు. సన్నగా, స్వచ్ఛంగా, ఎక్కడా తెగకుండా వస్తోంది. చెవి పక్కనుంచే వస్తోంది. ఆమె తల తిప్పి చూసింది. వెనక ఎవరూ లేరు, వేలాడే డిప్పలున్నాయి. భయమేసి నోరు మూసుకుంది. ఆ గొంతూ ఆగిపోయింది. మళ్ళీ కదిపి చూసింది. "...లైను తెంపరాదు," అంది ఆ గొంతు, చెవిలోనే.

లేచింది. ఏమని చెప్పి వచ్చిందో, అసలు చెప్పిందో లేదో కూడా గుర్తులేదు. మెట్లు రెండేసి దిగింది. వెనకనుంచి ఎవరూ పిలవలేదు. ఒక్క మాట మాత్రం మెట్ల మీదుగా దిగొచ్చింది: "తొందర లేదు."

ఇంట్లో అక్క పళ్ళేలు పెడుతోంది. ఈమె ఆ అక్కాబావల దగ్గరే ఉంటుంది. అక్కంటే ప్రాణం. అక్కకీ చెల్లెలంటే ప్రాణమే. లోకంలో అందరికన్నా ఎక్కువ మాటలు అందించింది ఆ అక్కే.

"ఎక్కడికెళ్ళావే ఇంతసేపు?"

"ప్... పా... ప్..."

"పార్కుకా? మంచి పని చేశావు. కాస్త గాలి తగిలితే మనసు కుదుటపడుతుంది."

తల ఊగింది. మర్నాడు పొద్దున బావ కూడా, "పార్కు బావుందా?" అని అడిగాడు. దానికీ ఊఁ కొట్టింది. అలా ఆమె వెళ్ళని పార్కులు, ఇష్టంలేని రంగుల చీరలు, వద్దనుకున్న కూరలు, ఒకసారైతే అడగని నెలరోజుల సెలవు, ఎన్నని! తన జీవితాన్ని ఎవరెవరో నోటితో చెప్పేశారు, తను వెళ్ళి అందులో ఉండి వచ్చింది. మంగళవారమంతా అదే ఆలోచన. రోలరు "మ్మ్మ్" అంటూనే ఉంది.

బుధవారం ఆసుపత్రికి వెళ్ళింది. మిణుగురు మంచం కిటికీ పక్కన. కింద పరిచిన దుప్పటి మడతలు చూడగానే తెలిసిపోయింది, ఇద్దరూ కలిసి పోయిన వారం మడతపెట్టిందే. కుడిచెయ్యి తెల్లటి మూటలా ఉంది. బొటనవేలు మిగిలిందన్నారు.

"వదినా," అంది మిణుగురు. అంతే. తొమ్మిదేళ్ళలో ఆ పిలుపు తరవాత మాట ఆగడం అదే మొదలు.

మూట కొద్దిగా కదులుతోంది. లయగా, విదిలించి దగ్గరికి తెచ్చినట్టు.

"లేని వేళ్ళు పనిచేస్తూనే ఉన్నాయి," అంది మిణుగురు దాన్నే చూస్తూ. "కళ్ళు మూసుకుంటే దుప్పటి కొసలు తగులుతాయి. మడతపెడుతూనే ఉంటాయవి. అవతల కొసలు నువ్వే పట్టుకుంటావు." కాస్త ఆగింది. "కడ్డీ నేనే తీశానన్నావట కదా. శుక్రవారం విచారణకి పై ఆఫీసు నుంచి ఆఫీసరమ్మ వస్తుందట. తప్పు నాదేనని తేలితే పనిలోంచి తీసేస్తారు. ఈ వైద్యం కూడా ఆపేస్తారు. మేస్త్రి మనిషొచ్చి చెప్పి వెళ్ళాడు."

"న్... నేను..."

మిణుగురు చూస్తూ ఉండిపోయింది. మాట అందించలేదు, ఎదురుచూడనూ లేదు. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "నువ్వు అనలేదని నాకు తెలుసులే వదినా. ఊఁ కొట్టి ఉంటావు. అయినా కాగితం మీద అది మాటే అవుతుంది."

ఆమె చెయ్యి చాచి దుప్పటి కొస సర్దింది. ఏడుపు ఆపుకోలేక లేచి వచ్చేసింది. తనమీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

గురువారం సాయంత్రం అక్క, "వెళ్ళు, పార్కుకి వెళ్ళిరా," అని తనే పంపించింది. ఆరు కాకముందే ఆమె ఆ మెట్లు ఎక్కింది. భయం పోయి కాదు. భయంతోనే. ఎనిమిదో కుర్చీ ఖాళీగా ఉంది. ఎందుకు పారిపోయావని ఎవరూ అడగలేదు.

నోటీసు చదవడం మొదలైంది. ఆ గొంతు మళ్ళీ వచ్చింది. ఆమె పిడికిళ్ళు బిగించి, కళ్ళు గోడకి అతికించి, చదువుతూనే ఉంది. రెండోసారికి ఎడమపక్క కూచున్న లెక్కల మాస్టారి గొంతు తగ్గిపోయింది. ఆగిపోయింది. తరవాత నర్సుది. తరవాత ఇంకొకరిది. ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. నాలుగు గొంతులు. మూడు. కండక్టరుది ఆగింది. చివరికి గడియారాలాయనది, ఆ సన్నటిది, రెండే మిగిలాయి. ఆయన గొంతు కూడా మెల్లగా సన్నగిల్లి, ఆగిపోయింది.

పొడుగాటి గదిలో ఆ సన్నటి గొంతు ఒక్కటే నడుస్తోంది. "...మెల్లగా, స్పష్టముగా పలుకవలెను. అవతలివారి మాట పూర్తి అగువరకు..." ఎవరూ చదవడం లేదు. ఏడు నోళ్ళూ మూసే ఉన్నాయి, ఆమె లెక్కపెట్టింది. మరి చదువుతున్నదెవరు? చెయ్యెత్తి నోటిమీద పెట్టుకుంది.

పెదాలు కదులుతున్నాయి. వేడి ఊపిరి అరచేతికి తగిలింది.

ఆ గొంతు తనదే. నలభై ఒక్క ఏళ్ళలో తెగకుండా ఒక్కసారీ వినలేదు కాబట్టి, ఎలా గుర్తుపడుతుంది?

తెలిసిన మరుక్షణం మాట ఇరుక్కుంది. "ల్... ల్..." ఏడు వేళ్ళు మోకాళ్ళ మీద తట్టడం మొదలెట్టాయి. టప్, టప్. ఆమె ఏడుస్తూనే, "లైను తెంపరాదు," అని పూర్తిచేసింది.

"నేనైతే మొదటిరోజు ద... దెయ్యమనుకుని చెప్పులు కూడా వదిలేసి పారిపోయా," అన్నాడు కండక్టరు. "మూ... మూడు వారాలు రాలేదు. కొత్త చెప్పులు కొనుక్కున్నా."

ఆ రోజు ఆమె మాట్లాడింది. ముప్పావుగంట పట్టింది. రోలరు, కడ్డీ, మిణుగురు చెయ్యి, తన ఊఁ, మర్నాటి విచారణ. ఒకరూ లైను తెంపలేదు. చివరికి అసలు మాట దగ్గరికి వచ్చింది. "త్... తీసింది... మ్... మ్..." పెదాలు అతుక్కున్నాయి. నరాలు పొంగాయి. వేళ్ళు తడుతున్నాయి. నిమిషం గడిచిందో, రెండు గడిచాయో. కండక్టరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, మంచివాడు. ఉండబట్టలేకపోయాడు.

"మేస్త్రి!" అనేశాడు.

వేళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. గది బిక్కచచ్చినట్టయింది. అతను నాలుక కరుచుకున్నాడు. ఆమె తల ఊగబోయింది, సగం దిగింది కూడా. అక్కడే ఆగింది. ఎక్కడినుంచి వచ్చిందో అంత కోపం!

"నా... నా మాట," అంది. "నాది. నాకిచ్చెయ్యి."

కండక్టరు లేచి నిలబడ్డాడు. చెంపలు వేసుకుని, మళ్ళీ కూచున్నాడు. "సరైన మాటే అం... అందించాడు," అన్నాడు గడియారాలాయన మెల్లగా. "అయినా మీది కాదది. రేపు ఆ గదిలో మే... మేం ఎవరం ఉండం. తప్పు మాటలే అందిస్తారని అనుకోకండి. సరైన మాట అందించినప్పుడే అ... అసలు కష్టం."

ఆ సాయంత్రం ఆ మాట ఆమె నోటినుంచి రాలేదు. రాకుండానే ఇంటికి వెళ్ళింది.

"పార్కులో జనం ఉన్నారా?" అంది అక్క.

"ప్..." అంది ఆమె. అక్క నోరు తెరిచింది. ఆమె అరచెయ్యి ఎత్తింది, గడియారాలాయనలాగే. అక్క బిత్తరపోయి నోరు తెరుచుకునే ఉండిపోయింది. పొయ్యి మీద గిన్నె పొంగింది, బావ వచ్చి మంట తగ్గించి వెళ్ళాడు.

"ప్... పార్కు కాదు," అంది ఆమె.

శుక్రవారం పది గంటలకి పిలిచారు. అదే ఆఫీసు గది. బల్ల వెనక ఆఫీసరమ్మ, నెరిసిన జుట్టు, చదివే కళ్ళద్దాలు. పక్కన టైపు మిషన్ ముందు గుమాస్తా. బల్లకి ఈ పక్క, "ఆవిడకి మాట సరిగ్గా రాదు, నేనుంటే సాయంగా ఉంటుంది," అని మేస్త్రే కుర్చీ వేసుకుని కూచున్నాడు. గోడవారగా మిణుగురు, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో. మొహం ఎత్తలేదు. మూసిన తలుపు వెనకనుంచి రోలరు వినిపిస్తూనే ఉంది. మ్మ్మ్మ్.

"ఈ వాంగ్మూలం మీదేనా?" అంది ఆఫీసరమ్మ. "అడ్డుకడ్డీ మీ జోడీ తీసిందని ఉంది."

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ మెడకి అటు ఊగడం చేతకాదేమో, కలుక్కుమంది.

మేస్త్రి నవ్వాడు. "కంగారు పడుతోందండీ."

"మరి తీసిందెవరు?"

"మ్..."

"మిణుగురు," అందించాడు మేస్త్రి. ఆమె తల అడ్డంగా ఊపింది. "మ్..." "మెకానిక్కా ఏమిటి?" అన్నాడు. మళ్ళీ అడ్డంగా. "మ్..." "మరిచిపోయినట్టుందండీ," అన్నాడు. అడ్డంగా. అతని గొంతులో నవ్వు పోయింది.

ఆఫీసరమ్మ కళ్ళద్దాలు తీసి ముందుకి వంగింది. చూపులో దయ ఉంది. "మేస్త్రి అనా మీరు చెప్పాలనుకుంటున్నది?"

అబ్బ, ఎంత హాయి! తల ఒక్కసారి కిందికి దించితే చాలు. నిజమే కదా అది. మెడ దిగడానికి సిద్ధమైంది.

"చూడండి మేడమ్," అన్నాడు మేస్త్రి వెంటనే. "మీరు మేస్త్రి అంటే మేస్త్రి అంటుంది, మంత్రి అంటే మంత్రి అంటుంది. కార్ఖానాలో ఎవర్నైనా అడగండి, పేరే ఊకొట్టమ్మ. ఆవిడ ఊఁకి విలువేముంది?"

ఆ ఒక్కటీ నిజమే చెప్పాడు. గుమాస్తా వేళ్ళు మిషన్ మీద ఆగాయి. మిణుగురు తల ఇంకా కిందికి వాలింది.

ఆమె మెడ దించలేదు. అరచెయ్యి ఎత్తింది, ఆఫీసరమ్మ వైపే. కళ్ళు మూసుకుంది. పెదాలు కలిశాయి. మ్. లోపల అంతా బిగుసుకుపోయింది. ఎంతసేపో తెలియదు. తలుపు వెనక రోలరు, ఇక్కడ తను, ఇద్దరూ ఒకే అక్షరం మీద. ఒక క్షణం ఏది యంత్రం గొంతో, ఏది తన గొంతో తెలియలేదు. ఇలాగే ఉండిపోతాననుకుంది. సరిగ్గా అప్పుడు వినిపించింది.

టప్. టప్. టప్.

మోకాళ్ళ మీద వేళ్ళు. ఎక్కడో దగ్గర్లోనే. ఈ గదిలో వాళ్ళు లేరు, లేరని తెలుసు. కళ్ళు తెరిచింది. ఎదురుగా గోడ గడియారం. సోమవారం దాకా చచ్చిపడి ఉన్నది, ఇప్పుడు నడుస్తోంది. ఆ లయ ముసలాయన పెట్టిందే.

తొందర లేదు అనుకుంది. పెదాల్ని నొక్కడం మానేసింది. వదిలేసింది.

"మ్మ్మ్మేస్త్రి," అంది.

ఆ గొంతు తెగలేదు. "మేస్త్రి పానా తెచ్చాడు. రెండు బోల్టులు వి... విప్పాడు. బుట్టల వెనక పెట్టాడు. మిణుగురు వద్దంది. నేను చూశాను." పొడుగు మాటలు. ప-లూ బ-లూ ఉన్న మాటలు. కొన్నిచోట్ల ఇరుక్కుంది, ఇరుక్కున్నచోట ఆగింది, మళ్ళీ నడిచింది. అయ్యాక కుర్చీలో వెనక్కి ఆనుకుంది. గుమాస్తా మిషన్ టకటకా కొట్టుకుంది, తరవాత అదీ ఆగింది.

మిణుగురు తల ఎత్తి చూస్తోంది. ఆ గొంతు ఆమె కూడా ఎప్పుడూ వినలేదు.

"మీరేమంటారు?" ఆఫీసరమ్మ మేస్త్రి వైపు తిరిగింది. "కడ్డీ తీసిందెవరు?"

మేస్త్రి నోరు తెరిచాడు. "అది... అంటే... నే..." అన్నాడు. "నే... నే..." మాట పెగల్లేదు. కండువాతో మూతి తుడుచుకున్నాడు. గుమాస్తా వైపు చూశాడు, గుమాస్తా కాగితం వైపు చూశాడు. ఆఫీసరమ్మ వైపు చూశాడు, ఆవిడ ఎదురుచూస్తోంది. పుట్టినప్పటినుంచీ అందరికీ మాటలు అందిస్తూ వచ్చిన మనిషి, తనకో మాట కావాల్సొచ్చేసరికి గది అంతా వెతుక్కున్నాడు. ఎవరూ అందించలేదు. చివరికి అతని చూపు ఆమె మీద ఆగింది. ఏదో ఒకటి అనమన్నట్టు, ఏదన్నా ఊఁ కొట్టేస్తానన్నట్టు చూశాడు.

ఆమె దగ్గర ఆ మాట ఉంది. నాలుక చివరే ఉంది. మొదటిసారి ఏ అడ్డమూ లేకుండా ఉంది.

ఆమె అందించలేదు. మోకాలి మీద చెయ్యి పెట్టి, చూపుడువేలితో మెల్లగా తట్టడం మొదలెట్టింది.

"తొందర లేదండీ," అంది. "ఉన్నాం."

ఆఫీసరమ్మ ఆ 'ఉన్నాం' విని ఆమె పక్కకి చూసింది. పక్కన ఎవరూ లేరు. మేస్త్రి పెదాలు కదులుతున్నాయి, చప్పుడు రావడం లేదు. గదిలో గడియారం, ఆమె వేలు. టప్, టప్. కాసేపటికి వాటితో ఇంకొక చప్పుడు కలిసింది. అదే లయ. ఆమె తల తిప్పి చూడలేదు. చూడక్కర్లేదు. గోడవారగా, ఎడమచెయ్యి, ఒక్క వేలు.